రికర్వ్ సైట్‌కి బుడగ పెడితే తప్పా? ఇన్‌స్పెక్షన్‌లో పాప విల్లు ఆపేశారు

తెనాలి_లేత్:

అందరికీ నమస్కారం. నాకు తెనాలిలో చిన్న లేత్ షాపు ఉంది. మా పాపకి పద్నాలుగేళ్లు. మొదట వెదురు విల్లుతో ఇండియన్ రౌండ్ ఆడింది, పోయిన ఏడాది రికర్వ్‌కి, అంటే కొసలు ముందుకి వంగి ఉండే విల్లుకి మారింది. విల్లు సెకండ్ హ్యాండ్‌ది కొన్నాం. సైట్‌లో, అంటే గురి చూసే రింగు, దాని మధ్య పిన్ను ఉండే భాగంలో మాత్రం కొంత నా చేతి పని ఉంది. తంటా అంతా అక్కడే వచ్చింది.

మొన్న సెలక్షన్స్‌కి వెళ్లాం. ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర జడ్జి గారు విల్లు అందుకుని, సైట్ వైపు ఒక్కసారి చూసి, జేబులోంచి వెర్నియర్ తీశారు. రోజూ వెర్నియర్ పట్టుకునే నాకే గుండె జారింది. ఎదురెండకి పిన్ను మెరుస్తోందని పాప అంటే, అల్యూమినియం రాడ్‌ని బోర్ చేసి సైట్ రింగుకి గొట్టంలా తొడిగాను. పొడవు 32 మి.మీ. "ఇది కుదరదు" అన్నారు.

రెండోది బుడగ. పాప విల్లు కుడికి వాలుస్తుంది. మేస్త్రీల రసమట్టంలో ఉంటుందే, అలాంటిదే చిన్నది కొని రింగు కింద అంటించాను. అదీ కుదరదన్నారు. మూడోది కళ్లజోడు. రెండు కళ్లతో చూస్తే పిన్ను రెండుగా కనిపిస్తోందని ఎడమ అద్దానికి సగం మేర తెల్ల టేప్ వేశాం. అదీ తీసేయమన్నారు.

టైమ్ తక్కువ. హాక్సా బ్లేడుతో బుడగ పీకేశాను. గొట్టం రింగుతో కలిపి బిగించింది కాబట్టి ఊడలేదు, ఇంకొకరి సైట్ అరువు తెచ్చి పెట్టాం. సైట్ మారేసరికి పాత మార్కులన్నీ తప్పు. మొదటి మూడు బాణాలు టార్గెట్ మధ్య పసుపుకి బదులు నీలంలోకి పోయాయి. పాప ఏడవలేదు కానీ నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

నా బాధ ఒకటే. పక్కన ఒకమ్మాయి విల్లుకి ఏకంగా భూతద్దమే ఉంది! బుడగ ఉంది, నారికి కన్నం ఉన్న ముక్క కూడా ఉంది. ఆ అమ్మాయికి ఒప్పు, మా పాపకి తప్పా? అసలు ఎంతవరకు పెట్టుకోవచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_జడ్జి:

తెనాలి గారూ, రాష్ట్ర స్థాయి పోటీల్లో చాలా ఏళ్లు ఆ టేబుల్ వెనకాల కూర్చున్నవాణ్ణి. మీ జడ్జి చెప్పిన మూడూ సరైనవే. చెప్పిన తీరు మాత్రం కొంచెం మెత్తగా ఉండాల్సింది.

ముందు ఆ పక్కమ్మాయి సంగతి. ఆమెది కాంపౌండ్ విల్లు, కొసలకి చక్రాలుండేది. విభాగమే వేరు, నిబంధనలూ వేరు. కాంపౌండ్ ఆడే జ్యోతి సురేఖ షూట్ చేసే వీడియో ఒకటి, రికర్వ్ ఆడే ధీరజ్ బొమ్మదేవరది ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరిదీ విజయవాడే. ఆమె సైట్‌లో లెన్స్ ఉంటుంది, నారిలో పీప్, అంటే మీరు చూసిన ఆ కన్నం ఉన్న ముక్క ఉంటుంది. అతని సైట్‌లో ఉత్త రింగు, పిన్ను. కాంపౌండ్‌లో పీప్, లెన్స్, బుడగ మూడూ ఈ ఆట ప్రపంచ సంస్థ వరల్డ్ ఆర్చరీ ఒప్పుకున్నవే. రికర్వ్‌లో మూడూ నిషేధం.

రికర్వ్‌లో సైట్ ఒక్కటే ఉండాలి. అందులో గురి చూసే బిందువు కూడా ఒక్కటే ఉండాలి. పెద్దదిగా చూపించే అద్దం, ప్రిజం, లెవెల్, కరెంటుతో పనిచేసేది, ఏదీ ఉండకూడదు. గొట్టమైనా, పిన్ను అయినా కంటి చూపు దారిలో 2 సెం.మీ. మించకూడదు. మీ గొట్టం 12 మి.మీ. ఎక్కువైంది. లేత్ మీద పనిచేసే మీకు 12 మి.మీ. అంటే ఎంతో నేను చెప్పక్కర్లేదు.

ఫైబర్ ఆప్టిక్ పిన్ను వాడుకోవచ్చు. ఆ దారం మొత్తం 2 సెం.మీ. కంటే పొడవున్నా ఫర్వాలేదు. కానీ వంగకముందు చూపు దారిలో ఉండే తిన్నని భాగం 2 సెం.మీ. లోపే ఉండాలి, రెండో కొస పూర్తిగా నారి లాగినప్పుడు చూపుకి బయట బిగించి ఉండాలి, వెలిగే చుక్క ఒక్కటే కనిపించాలి. సైట్ బార్ మీద దూరాల మార్కులున్న టేప్ అతికించుకోవచ్చు. సైట్‌ని పైకీ కిందికీ, పక్కలకీ జరుపుకోవచ్చు.

ఇక కళ్లజోడు. పవర్ గ్లాసులు, కూలింగ్ గ్లాసులు రెండూ ఓకే. సన్న చిల్లుల అద్దాలు, గురికి పనికొచ్చే గుర్తులున్న అద్దాలు మాత్రం కుదరవు. గురి చూడని కంటిని మూయాలంటే ఆ అద్దాన్ని పూర్తిగా మూయాలి, లేదంటే కంటికి ప్యాచ్ కట్టుకోవాలి. సగం టేప్ వేస్తే దాని అంచు కంటి ముందు నిలువు గీతలా నిలబడుతుంది. తల ఎటు తిరిగిందో ఆ గీత చెప్పేస్తుంది. మీరు అందుకు వేయలేదని నాకు తెలుసు, కానీ టేబుల్ వెనక కూర్చున్నవాడు మనసులో ఏముందో కొలవలేడు కదా.

ప్రాక్టీసులో బుడగ పెట్టుకుంటే అడిగేవాడు లేడు. కానీ పాప కన్ను దానికి అలవాటు పడితే పోటీ రోజు చేయి తడబడుతుంది. నేనైతే టార్గెట్ పక్కన తూకం గుండు వేలాడదీయిస్తాను. ఆ దారానికి విల్లు అంచు సమంగా నిలుస్తోందో లేదో వెనక నిలబడి మీరు చూడండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. స్పేర్ సైట్, స్పేర్ నారి కూడా టేబుల్ మీద పెట్టి చూపించండి. నిబంధనకి విరుద్ధమైన సామాను మ్యాచ్ మధ్యలో దొరికితే కొట్టిన స్కోరు కూడా రద్దు కావచ్చు. మిమ్మల్ని పొద్దున్నే ఆపారు, నయం.

విజయవాడ_కాంపౌండ్:

అంకుల్, ఆ పక్కమ్మాయి లాంటిదాన్నే నేను :) భూతద్దం ఉంటే అంతా సుఖమే అనుకోకండి. లెన్స్‌లో టార్గెట్ ఎంత పెద్దగా కనిపిస్తుందో, మన వణుకు కూడా అంత పెద్దగా కనిపిస్తుంది. 50 మీటర్ల దగ్గర మా పది రింగు 8 సెం.మీ. అంతే. ఎక్కువ పవర్ లెన్స్ పెట్టుకున్న మొదటి నెలంతా చుక్క పసుపులో ఒక్క క్షణం కూడా ఆగినట్టు అనిపించలేదు, ఒకటే టెన్షన్. చివరికి తక్కువ పవర్‌కి దిగాను.

మాకూ అన్నీ కుదరవు. వేట విల్లులకి వచ్చే బ్యాటరీ లైట్ సైట్ ఒకటి మా తమ్ముడు ఆన్‌లైన్‌లో తెప్పించాడు. పోటీకి పనికిరాదని మా సర్ పెట్టె కూడా తెరవనివ్వలేదు. కాంపౌండ్‌లో కూడా సైట్‌కి కరెంటు నిషేధమే.

పాపకి లెన్స్ లేదని బెంగ వద్దు. నారి నీడ మసకగా కనిపిస్తుంది కదా, దాన్ని ప్రతిసారీ సైట్ రింగుకి ఒకే వైపు, ఒకే చోట పెట్టుకోమనండి. రికర్వ్ వాళ్లకి పీప్ అదే.

బేర్‌బో_బావ:

మీరంతా గొట్టం పొడవు గురించి మాట్లాడుకుంటున్నారు. మాది బేర్‌బో, మాకసలు సైటే లేదు. నారి విప్పిన విల్లు, దానికి బిగించిన బరువులతో సహా, 12.2 సెం.మీ. రింగులోంచి దూరాలి. 122 సెం.మీ. టార్గెట్‌లో పది రింగు వ్యాసం కూడా సరిగ్గా అంతే! ఇన్‌స్పెక్షన్‌లో ఆ రింగు నా విల్లు మీదుగా జారుతుంటే సూది బెజ్జంలోంచి దారం పోతున్నట్టు ఊపిరి బిగబట్టి చూస్తాను.

నారి మీద వేళ్లని కిందికి జరిపి దూరం సరిచేసుకోవచ్చు. ఎంత జరపాలో ట్యాబ్ (నారి లాగే వేళ్లకి తొడుక్కునే తోలు ముక్క) మీది కుట్లు లెక్కపెట్టుకుంటాం. ఆ కుట్లన్నీ ఒకే సైజులో, ఒకే రంగులో ఉండాలి. ఒకసారి నేను ఐదో కుట్టు మీద పెన్నుతో చుక్క పెట్టుకున్నా. జడ్జి గారు ట్యాబ్‌ని వెలుతురులోకి ఎత్తి చూసి, "ఇదేంటి బాబూ, దిష్టి చుక్కా?" అన్నారు. అక్కడికక్కడే గీకేశాను.

విండోలో, అంటే గ్రిప్ పైన కన్ను చూసే చోట, గురికి పనికొచ్చే గీతలు, మరకలు కూడా ఉండకూడదు. కాబట్టి తెనాలి బాబాయ్, మీకు పిన్ను అయినా ఉంది, సంతోషించండి.

తెనాలి_లేత్:

అందరికీ పెద్ద థ్యాంక్స్. జడ్జి గారూ, ఆ రోజు కోపంలో ఉన్నాను, ఇప్పుడు పోయింది. ఆదివారం షాపు తలుపు వేసుకుని కొత్త గొట్టం తీశాను. పొడవు 18.5 మి.మీ. వెలుతురు లోపల తళుక్కుమనకుండా బోర్ గోడకి సన్నటి మరలు కోసి, మెరుపు లేని నల్ల పెయింట్ వేశాను. పాత గొట్టం కంటే పొట్టిదే అయినా ఎండలో పిన్ను ఇదే బాగా కనిపిస్తోందని పాప అంది. అంటే అంత పొడుగు మొదటి నుంచీ అక్కర్లేదన్నమాట. అనవసరంగా రాడ్ తగలేశాను.

ఎడమ అద్దం మొత్తానికీ టేప్ వేశాం. పెరట్లో జామచెట్టు కొమ్మకి తూకం గుండు కట్టాను. మొదటి రోజు పాప నవ్వింది, రెండో రోజు తనే దారం సరిచేసుకుంది. వాలుడు పూర్తిగా పోలేదు, తగ్గింది.

ఇంకో అనుమానం. నారి మధ్యలో అరగకుండా చుట్టే సర్వింగ్ దారం నేనే చుట్టాను. ఎర్ర దారం మిగిలితే అదీ కలిపి కాస్త పైదాకా చుట్టేశా. ఇదేమైనా తప్పవుతుందా?

పాత_జడ్జి:

రంగుతో పేచీ లేదు. నారి పూర్తిగా లాగినప్పుడు ఆ సర్వింగ్ పై చివర పాప కంటి ఎదురుగా వస్తోందా? వస్తే కుదరదు. నారి మీద గురికి సాయపడే గుర్తు ఉండకూడదు, సర్వింగ్ చూపులో ముగియకూడదు. పెదవికో ముక్కుకో ఆనే బటన్ ఒక్కటి పెట్టుకోవచ్చు, అంతే. పాప నారి లాగి ఆగినప్పుడు పక్క నుంచి ఒక ఫోటో తీసి చూడండి.

తెనాలి_లేత్:

ఇప్పుడే లాగించి చూశానండీ. సరిగ్గా కనుబొమ్మ కింద ఆగింది. విప్పుతున్నా.