సగం సీక్వెన్స్ లేని నమూనాలు: లైక్లీహుడ్ ఒకటే, చెట్లు మూడు. ఏది నమ్మాలి?

అందరికీ నమస్కారం. వరంగల్‌లో ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టు చేస్తున్నాను. పాకాల, రామప్ప చెరువుల కొర్రమట్టలు 14 నమూనాలు తీసుకొని, వాటి డీఎన్‌ఏ సీక్వెన్సులు పోల్చి వంశవృక్షం (ఏ చేపకు ఏది దగ్గరి చుట్టమో చూపే చెట్టు) కడుతున్నా. వాడినవి సీఓఐ, ర్యాగ్1 అనే రెండు జన్యువులు. మూడింటికి సీఓఐ జన్యువు మాత్రమే వచ్చింది, ఇంకో రెండింటికి ర్యాగ్1 మాత్రమే. అలైన్‌మెంట్ (సీక్వెన్సులన్నీ వరుసకొకటిగా పేర్చిన పట్టిక) తెరిస్తే ఆ వరుసల్లో ఒక పక్కంతా ప్రశ్నార్థకాలే.

శాస్త్రవేత్త ఫెల్సెన్‌స్టైన్ 1981లో చెప్పిన లైక్లీహుడ్ (ఒక చెట్టు మన డేటాకు ఎంత బాగా సరిపోతుందో చెప్పే లెక్క) పద్ధతిలో, ఒక స్థానంలో డీఎన్‌ఏ అక్షరం తెలియని కొనకు (చెట్టు చివర ఉండే నమూనాకు) ఏ, సీ, జీ, టీ నాలుగింటికీ 1 వేస్తారు. అంటే ఆ ఒక్క స్థానం విషయంలో ఆ చేప చెట్టులో లేనట్టే లెక్క. ఇంతవరకు అర్థమైంది. కానీ రెండు జన్యువులకూ కొమ్మల పొడవులు (ఆ కొమ్మ మీద జరిగిన డీఎన్‌ఏ మార్పుల మోతాదు) విడివిడిగా ఇచ్చి, చెట్లు కట్టే సాఫ్ట్‌వేర్ ఐక్యూ-ట్రీ మూడుసార్లు నడిపితే మూడు వేర్వేరు చెట్లు వచ్చాయి. లాగ్ లైక్లీహుడ్ మాత్రం దశాంశాలతో సహా ఒకటే! చోటు మారేది ఆ ఐదు చేపలే.

2011లో శాండర్సన్ అనే శాస్త్రవేత్త బృందం చెప్పిన ‘టెర్రస్’ (డేటా లోపించడం వల్ల ఒకే లైక్లీహుడ్ వచ్చే చెట్ల గుంపు) ఇదేనా? పొడవులు ఉమ్మడిగా పెడితే సరిపోతుందా, ఆ ఐదింటినీ తీసెయ్యాలా? తీసెయ్యడానికి మనసొప్పడం లేదు, రామప్పవి మొత్తం అవే. ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకొని ములుగు మీదుగా బస్సులో తెచ్చినవి. వచ్చే వారం గైడ్ సార్‌కు చూపించాలి, టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.