బీపీ మాత్రలన్నీ రాత్రికి మార్చేయాలా? గుండెనొప్పి మందులు కూడా వాడేవాళ్ళ సంగతేంటి?

సందేహాలరావు
ఆ ఫార్వర్డ్ మళ్ళీ గ్రూపుల్లో తిరుగుతోంది: "బీపీ మాత్రలు పొద్దున కాదు, పడుకునే ముందు వేసుకోండి, గుండెపోటు ముప్పు సగానికి పడిపోతుంది." ఒట్టి బీపీ ఉన్నవాళ్ళ మాట అలా ఉంచండి. నాలుగు మెట్లెక్కితే ఛాతీ పట్టేసే యాంజైనా కూడా ఉన్నవాళ్ళు ఏం చేయాలి? చర్చ గాల్లో పోకుండా ఒక మామూలు చీటీ పెడుతున్నా. వయసు 67. పొద్దున: టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5, మెటోప్రొలాల్ సక్సినేట్ ఈఆర్ (మందుని నెమ్మదిగా వదిలే రకం) 50, ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ ఈఆర్ 30. మధ్యాహ్నం భోంచేశాక ఆస్పిరిన్ 75. రాత్రి అటోర్వాస్టాటిన్ 40. జేబులో సార్బిట్రేట్ 5 (నొప్పొస్తే నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ బిళ్ళ). పొద్దుటి నాలుగూ రాత్రి తొమ్మిదికి జరిపేస్తే లాభమా, నష్టమా?

నిశాచరుడు
లాభమే అంటాను. ఆరోగ్యవంతుడికి నిద్రలో బీపీ పగటికన్నా 10 నుంచి 20 శాతం దిగుతుంది. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి దిగదు. ముప్పు వాళ్ళకే ఎక్కువ. గుండెపోట్లు ఎక్కువగా వచ్చేది కూడా తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం లోపు. పొద్దున ఎనిమిదికి వేసిన మాత్ర మర్నాడు తెల్లారేసరికి ఓపిక అయిపోయి ఉంటుంది, కావలసిన వేళకే ఉండదు. స్పెయిన్‌లో 19,084 మంది మీద చేసి 2019లో వేసిన హైజియా అధ్యయనం చెప్పింది ఇదే: రాత్రి వేసుకున్నవాళ్ళలో గుండె, మెదడు ప్రమాదాలు 45 శాతం తక్కువ. ఫార్వర్డ్ పుట్టింది దాన్నుంచే.

డాక్టర్_కర్నూలు
నిశాచరుడు గారూ, కథ అక్కడ ఆగిపోలేదండీ. హైజియాలో రెండు జట్ల మధ్య నిద్రలో పై బీపీ తేడా 3 పాయింట్ల చిల్లర. అంత చిన్న తేడాకి 45 శాతం లాభం ఎలా వచ్చిందని అప్పుడే గట్టిగా అడిగారు, అధ్యయనం నడిపిన తీరు మీదా అనుమానాలు లేచాయి. తర్వాత 2022లో బ్రిటన్ నుంచి టైమ్ అధ్యయనం వచ్చింది. 21,104 మంది. సగం మంది పొద్దున ఆరు నుంచి పది లోపు, సగం మంది రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు లోపు వేసుకున్నారు. సగటున అయిదేళ్ళ పైన గమనించారు. గుండెపోటు, పక్షవాతం లేదా గుండె-రక్తనాళాల జబ్బుతో మరణం: రాత్రి జట్టులో 3.4 శాతం, పొద్దుటి జట్టులో 3.7 శాతం. అది తేడా కిందికి రాదు. కెనడాలో చేసిన బెడ్‌మెడ్ కూడా అదే తేల్చింది. 2024 యూరోపియన్ గుండె వైద్యుల మార్గదర్శకాలు ఒక్క ముక్కలో చెప్పేశాయి: మర్చిపోకుండా వేసుకోగలిగే వేళే మంచి వేళ.

"తెల్లారేసరికి ఓపిక అయిపోతుంది" అన్నది మందుని బట్టి ఉంటుంది. ఆమ్లోడిపిన్ సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. టెల్మిసార్టాన్‌కి ఇంచుమించు 24. రోజూ వేసుకునేవాడి ఒంట్లో అవి రాత్రీ పగలూ ఉంటాయి. అటెనొలాల్ లాంటివాటికి మాత్రం మీ వాదన కొంత అతుకుతుంది, దానికి 6, 7 గంటలే.

బీఫార్మసీ_నల్గొండ
మీరిద్దరూ బీపీ గోలీల దగ్గరే కొట్లాడుతున్నరు. ఆ చీటీల గడియారం పట్టింపు ఉన్నది ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్‌కి, అంటే రక్తనాళాలు వదులు చేసి గుండెనొప్పి రాకుండ చూసే నైట్రేట్ గోలీకి. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

నైట్రేట్ 24 గంటలూ రక్తంలో ఉంటే రక్తనాళాలు దానికి అలవాటు పడిపోయి స్పందించడం తగ్గిస్తయి. గోలీ పడుతనే ఉంటది, నొప్పి మాత్రం వస్తనే ఉంటది. అందుకే రోజుకి 10 నుంచి 14 గంటలు మందు తక్కువున్న ఖాళీ కావాలె. ఈఆర్ రకం పొద్దున ఒక్కసారే ఇచ్చేది అందుకే: పగలు నడక, పని ఉన్నంతసేపు అండ, రాత్రి ఖాళీ. మామూలు రకం 20 ఎంజీ రోజుకి రెండుసార్లు అని రాస్తే పొద్దున 8కి ఒకటి, మధ్యాహ్నం 3కి ఒకటి, నడుమ 7 గంటలు. చీటీ మీద "1-0-1" అని చూసి షాపుల రాత్రి 8కి వేసుకోమని చెప్తే మందుకి ఖాళీయే దొరకదు. ఈ తప్పు చాలా మామూలు, అడిగి రాయించుకోవాలె.

మెట్లెక్కితే నొప్పొచ్చే మనిషికి దీన్ని రాత్రికి మారిస్తే అండ నిద్రకి, ఖాళీ పగటికి పోతది. పూర్తిగ ఉల్టా. నిద్రలోనే నొప్పి లేపే రకం వేరే, వాళ్ళకి డాక్టరే వేళ మారుస్తడు.

నిశాచరుడు
నైట్రేట్ విషయం ఒప్పుకుంటున్నా, దాన్ని పొద్దుటికే వదిలేద్దాం. కానీ టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ రాత్రికి జరిపితే నష్టమేముంది? తేడా లేదని డాక్టర్ గారే అన్నారుగా. పైగా నాలుగూ ఒకేసారి పడితే తొమ్మిదింటికి తల తిరుగుతోందనేవాళ్ళు కొల్లలు.

డాక్టర్_కర్నూలు
ఆ కారణానికైతే విడగొట్టడం సబబే. నాలుగూ బీపీ తగ్గించేవే, ఒకేసారి పడితే 67 ఏళ్ళ మనిషి లేచి నిలబడగానే కళ్ళు తిరగొచ్చు. ముందు కొలవండి: కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటి, మూడు నిమిషాలకి మళ్ళీ. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే నిజంగానే సమస్య. అప్పుడు ఏది జరపాలో, ఏది తగ్గించాలో రాసినాయనే చెప్పాలి. అదే చీటీలో క్లోర్‌థాలిడోన్ లాంటి నీరు తీసే మందుంటే మాత్రం రాత్రికి వద్దు. రెండింటికి బాత్రూంకి లేచి, చీకట్లో పడి తుంటి విరిగితే బీపీ మాట ఎవరికీ గుర్తుండదు.

జరిపే రోజు చేసే పొరపాటు ఒకటుంది. పొద్దున వేసుకుని "ఇవాళ్టి నుంచి రాత్రి కదా" అని రాత్రి మళ్ళీ వేసుకుంటారు. ఆ రోజు పొద్దుటిది మానేసి రాత్రే మొదలుపెట్టాలి. మధ్యలో ఒక పూట ఎడం పడితే ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్‌లకి పెద్ద ఇబ్బంది లేదు. మెటోప్రొలాల్‌తో మాత్రం ఈ ఆటలొద్దు, ఉన్న వేళకే ఉంచండి.

అసలు వేళ మార్చాలా వద్దా అన్నది ఇంట్లో మిషనే చెబుతుంది. ఏడు రోజులు, పొద్దున మాత్రకీ కాఫీకీ ముందు, రాత్రి భోజనానికి ముందు. వీపు ఆనించి, కాళ్ళు నేలకి ఆనించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, పట్టీ గుండె ఎత్తులో చొక్కా మీద కాకుండా చర్మం మీద కట్టి, నిమిషం ఎడంతో రెండుసార్లు. మొదటి రోజువి వదిలేసి మిగతావి సగటు తీయండి. మాత్ర వేసుకున్న రెండు గంటలకి కొలిచి "నార్మలే" అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడం. మాత్రకి ముందు 135/85 దాటుతూ ఉంటే అప్పుడు నిశాచరుడు గారి అనుమానం విలువైనదే. అప్పుడు కూడా ముందు చూసేది మోతాదు, వేళ తర్వాత.

పల్స్72
సార్బిట్రేట్ గురించి ఎవరూ చెప్పలేదు. నొప్పొస్తే అయిదు నిమిషాలకొకటి చొప్పున మూడు పెట్టుకుని, అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. అంతేగా?

సీసీయూ_సిస్టర్
కాదండీ. అది పాత లెక్క. మొదటి బిళ్ళకి అయిదు నిమిషాల్లో తగ్గకపోయినా, పెరిగినా అప్పుడే 108కి ఫోన్. రెండోది, మూడోది అంబులెన్స్ వచ్చేలోపు. మూడు దాటకూడదు. మూడయ్యేదాకా ఇంట్లో కూర్చుంటే పావుగంట పోయినట్టే. ఎప్పుడూ లేని నొప్పి మొదటిసారి వచ్చినా, చెమటలు, దవడకో ఎడమ చేతికో లాగడం, ఆయాసం ఉన్నా బిళ్ళ కోసం వెతకడానికి ముందే 108. "గ్యాస్ అయ్యుంటుంది" అని సోడా తాగి పడుకోవడం వద్దు.

పెట్టుకునే పద్ధతి: కూర్చోవాలి. నిలబడి పెట్టుకుంటే బీపీ దిగి పడిపోతారు. నోరు ఎండిపోయి ఉంటే ముందు ఒక గుక్క నీళ్ళు పుక్కిలించాలి, తడి లేకపోతే బిళ్ళ కరగదు. 5 ఎంజీ నాలుక కింద. మింగకూడదు. మింగితే కాలేయమే చాలావరకు ఖర్చు చేసేస్తుంది, పైగా ఆలస్యం. తల దిమ్మెత్తడం, మొహం వేడెక్కడం మామూలే. పై బీపీ 90కి లోపుంటే పెట్టకూడదు.

అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు కాకుండా ఏ నైట్రేటూ తాకకూడదు, బీపీ పాతాళానికి పోతుంది. రోజూ మోనోనైట్రేట్ వాడేవాళ్ళకైతే ఆ మాత్రలు అసలే పనికిరావు. భార్యాపిల్లల ముందు అడిగితే మగవాళ్ళు నిజం చెప్పరు. అంబులెన్స్‌లో, క్యాజువాల్టీలో పక్కకి తీసుకెళ్ళి అడగాలి.

నొప్పి లేకుండా మిషన్‌లో 180 కనబడిందని సార్బిట్రేట్ పెట్టేవాళ్ళూ, నిఫెడిపిన్ క్యాప్సూల్ సూదితో పొడిచి నాలుక కింద పిండేవాళ్ళూ ఇంకా ఉన్నారు. రెండూ తప్పే. బీపీ ఒక్కసారిగా కూలితే మెదడుకీ గుండెకీ రక్తం చాలక పక్షవాతం గానీ గుండెపోటు గానీ రావచ్చు. ఏ బాధా లేకపోతే అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ కొలిచి డాక్టర్‌కి ఫోన్ చేయండి.

సందేహాలరావు
మిషన్‌లో 112/70, నాడి 58 ఉన్న రోజు మెటోప్రొలాల్ ఎగ్గొట్టొచ్చా?

డాక్టర్_కర్నూలు
వద్దు. 112/70 మందు పనిచేస్తోందన్న గుర్తు, మానేయమన్న గుర్తు కాదు. ఈ మాత్ర వాడినన్నాళ్ళూ గుండె మీద అడ్రినలిన్‌ని అందుకునే గ్రాహకాలు పెరిగి ఉంటాయి. చప్పున ఆపితే అడ్రినలిన్ వాటి మీద ఒక్కసారిగా పడుతుంది: నాడి పరుగు, నొప్పి, కొందరికి గుండెపోటు. ఆపాల్సి వస్తే ఒకటి రెండు వారాల్లో మెట్లు మెట్లుగా తగ్గిస్తారు. క్లోనిడిన్ అనే ఇంకో బీపీ మందు కూడా అంతే, చప్పున ఆపితే బీపీ ఎగిసిపడుతుంది. నాడి 50 లోపు పడినా, కళ్ళు తిరిగినా, కొత్తగా ఆయాసం వచ్చినా ఆ పూట వేసుకునే ముందు ఫోన్ చేసి అడగండి. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి వేళ దగ్గరపడితే వదిలేయండి. రెండు కలిపి వేయొద్దు.

బీఫార్మసీ_నల్గొండ
ఇంకో నాలుగు మాటలు, షాపు కౌంటరు దగ్గర రోజూ జరిగేవి.

ఈఆర్ గోలీ నూరొద్దు, నమలొద్దు. నడుమ గీత ఉంటే సగం చేయొచ్చు, కానీ ఆ సగం అట్లనే మింగాలె.

టెల్మిసార్టాన్ తేమ పీల్చుకుంటది. వారానికి సరిపడ షీటు లోంచి తీసి డబ్బాల పోసిపెట్టొద్దు. కత్తెరతో రేకుతో సహా ముక్కలు కోసి డబ్బాల పెట్టుకోండి, వేసుకునేటప్పుడే చించండి.

పేరు చివర అక్షరాలు చూడండి. మామూలుగా "ఏఎమ్" అంటే లోపల ఆమ్లోడిపిన్ కూడా ఉన్నట్టు, "హెచ్" అంటే హైడ్రోక్లోరోథయాజైడ్. గుండె డాక్టరు టెల్మిసార్టాన్-ఏఎమ్ రాస్తడు, షుగరు డాక్టరు ఆమ్లోడిపిన్ విడిగ రాస్తడు, మనిషి రెండూ వేసుకుని కాళ్ళు వాచినయని మూడో డాక్టరు దగ్గరికి పోతడు. ఆయన నీరు గోలీ రాస్తడు. ఆమ్లోడిపిన్ వాపు నీరు గోలీకి సరిగ్గ లొంగదు, మోతాదు తగ్గిస్తేనే పోతది.

మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ సొంతంగ కొనొద్దు. బీపీని పైకి నూకుతయి, టెల్మిసార్టాన్‌తో కలిస్తే కిడ్నీని దెబ్బతీస్తయి. మే నెల ఎండల విరేచనాలు, వాంతులు పట్టుకుంటే అదే రోజు డాక్టరును అడగాలె, టెల్మిసార్టాన్, నీరు గోలీ కొన్ని రోజులు ఆపమనొచ్చు. "లో సోడియం" ఉప్పుల పొటాషియం ఉంటది, టెల్మిసార్టాన్ కూడా పొటాషియం పెంచుతది. రక్తపరీక్ష చూడకుండా ఆ ఉప్పు మొదలుపెట్టొద్దు.

నిశాచరుడు
సరే. నైట్రేట్, మెటోప్రొలాల్ పొద్దుటికే. మిగతా రెండింట్లో ఒకటి రాత్రికి జరపడం కళ్ళు తిరుగుతుంటేనే, అదీ అడిగి. అయినా నిద్రలో బీపీ దిగనివాళ్ళని 24 గంటల మిషన్ పెట్టి చూడకుండా "ఏ వేళైనా ఒకటే" అనడం నాకు నచ్చదు.

డాక్టర్_కర్నూలు
మిషన్ పెట్టించమనే నేనూ అంటాను, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్ళకి. రాత్రి బీపీ దిగడం లేదని తేలితే గురక, నిద్రలో ఊపిరాగడం ఉన్నాయేమో ముందు చూడాలి. వేళ మార్చినంత మాత్రాన వాళ్ళలో గుండెపోట్లు తగ్గుతాయని ఇంకా ఎవరూ నమ్మదగ్గట్టు చూపించలేదు.

సందేహాలరావు
చివరిగా ఒకటి. పరగడుపు రక్తపరీక్షలున్న రోజు, ఏకాదశి ఉపవాసం రోజు?

సీసీయూ_సిస్టర్
రెండు రోజులూ బీపీ, గుండె మాత్రలు గుక్కెడు నీళ్ళతో మామూలు వేళకే. పరీక్ష రోజు టిఫిన్ తినేదాకా ఆపాల్సినవి షుగరు మాత్ర, ఇన్సులిన్. ట్రెడ్‌మిల్ పరీక్షకైతే మెటోప్రొలాల్ వేసుకుని రావాలా, మానేసి రావాలా అన్నది రాసిన డాక్టర్‌నే ముందుగా అడగండి, ల్యాబ్ రిసెప్షన్‌లో చెప్పిన మాట మీద ఆపొద్దు.