నాలుగు క్యాంపస్‌లకూ ఒకే ఇన్ఫెక్షన్ కంట్రోల్ టీమ్ చాలా?

క్వాలిటీ_డెస్క్: మా ఆసుపత్రికి నాలుగు క్యాంపస్‌లు. ఇకమీదట ఇన్ఫెక్షన్ కంట్రోల్ అంతా మెయిన్ క్యాంపస్ నుంచే చూస్తారట. నాకు సబబే అనిపిస్తోంది. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) ఇన్ఫెక్షన్‌ని తలా ఒకలా లెక్కేస్తే పోల్చడం ఎలా?

ఐసీయూ_సిస్టర్: లెక్క ఒకటే ఉండనివ్వండి. మనుషులు మాత్రం ఎక్కడికక్కడ ఉండాలి. 250 పడకలకు ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసే ఫుల్‌టైమ్ మనిషి కనీసం ఒకరు ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ 2016లోనే చెప్పింది.

క్వాలిటీ_డెస్క్: మొత్తం పడకలు కలిపి చూస్తే మాకు సరిపోతున్నారు మేడమ్.

ల్యాబ్_బాబాయ్: 100కి ఒకరుంటే మేలన్న మాట కూడా అందులోనే ఉంది. అది ఎవరూ చదవరు.

క్వాలిటీ_డెస్క్: అది సూచన సర్, కనీసం 250యే.

రాత్రిడ్యూటీ: 250, 100 అని ఇంకెంతసేపు?

ఐసీయూ_సిస్టర్: సరే, మా సంగతి వినండి. మెయిన్ నుంచి లైన్‌తోనే ఒక పేషెంట్‌ని పంపారు. మర్నాడే చలిజ్వరం, బ్లడ్ కల్చర్ పాజిటివ్, అంటే రక్తంలో క్రిములు. అమెరికా రోగ నియంత్రణ సంస్థ సీడీసీ నిబంధన ప్రకారం, మార్చిన రోజుగానీ మర్నాడుగానీ బయటపడితే అది పంపినవాళ్ల ఖాతాలోకే వెళ్తుంది. మావాళ్లు మాత్రం మా ఖాతాలో రాసి, లిఫ్ట్ పక్కన బోర్డు మీద ఎర్ర గుర్తు పెట్టారు. నెలంతా అటెండర్లు కూడా దాన్ని చూసి నవ్వారు.

క్వాలిటీ_డెస్క్: ఒక్క కేసు పట్టుకుని మొత్తం పద్ధతినే తప్పంటే ఎలా?

ఐసీయూ_సిస్టర్: ఒక్క కేసా? మీరు షీట్లో అంకె చూస్తారు, మేం మంచం చూస్తాం! క్యాండిడా ఆరిస్ అనే ఫంగస్ వచ్చినప్పుడు, తుడవడానికి వాడుతున్న క్వాటర్నరీ అమోనియం ద్రావణం దానికి చాలదని మొత్తుకున్నాం. క్లోరిన్‌ది ఇవ్వమంటే ‘మెయిన్‌లో అడిగి చెబుతాం’ అన్నారు. ఐసీయూలో కొత్త అడ్మిషన్లు ఆపమన్నా అదే జవాబు. ఆ జవాబు వచ్చేలోగా పక్క మంచం నిండింది.

ల్యాబ్_బాబాయ్: అసలు గొడవ ఇదన్నమాట. టీమ్ ఎక్కడ కూర్చుంటుందన్నది కాదు, తలుపు మూసే అధికారం ఎవరిదన్నది.

క్వాలిటీ_డెస్క్: ఆ అధికారం ఎక్కడికక్కడ ఇస్తే? మీరు మూయగానే ఆ పేషెంట్లు పక్క క్యాంపస్‌కే వెళ్తారు. వాళ్లలో ఎవరి ఒంటి మీద ఏముందో స్క్రీనింగ్ చేయకుండా పంపితే మీ ఇబ్బంది నాలుగు చోట్లా పాకుతుంది. అది చూసుకునేది సెంటరే కదా?

ఐసీయూ_సిస్టర్: చూసుకోమనే అంటున్నా. మూసేది మేం, ఎక్కడికి పంపాలో చెప్పేది మీరు. రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తే మనిషి పేరు మాత్రం ముందే రాసివ్వండి.

రాత్రిడ్యూటీ: ఎత్తుతారా?

క్వాలిటీ_డెస్క్: మీటింగ్‌లో అడుగుతాను. అడ్మిషన్లు ఆపే విషయం మాత్రం నేను ఒప్పుకోలేదు.