అప్‌డేట్: టీవీ కచేరీలో గమకాల గీత దొరికింది

టీవీలో వచ్చిన కర్ణాటక కచేరీని టీవీహెడ్‌ఎండ్ అనే టీవీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో రికార్డ్ చేశాను, శబ్దాన్ని బొమ్మగా చూపే సోనిక్ విజువలైజర్‌లో గమకాల (స్వరాల ఊపుల) గీత ఎక్కడికక్కడ తెగిపోతోంది, ఏం చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే టీఎస్ ఫైల్ (ఆ టీవీ రికార్డింగ్) నుంచి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే టూల్‌తో ఆడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా విడదీశాను. దాంతో పెద్ద తేడా రాలేదు. స్వరం ఎత్తును పట్టే ప్లగిన్‌ని పీ-యిన్ నుంచి మెలోడియాకి మార్చాకే పని జరిగింది. పీ-యిన్ ఒక్క గొంతు ఉంటేనే బాగుంటుంది. వయొలిన్, మృదంగం కలిస్తే తడబడుతుంది. 2012 నాటి మెలోడియా పద్ధతి వాద్యాల మధ్య నుంచి ప్రధాన స్వరాన్ని పట్టుకుంటుంది. గాయకుడి శృతి ఒకటిన్నర, అంటే షడ్జమం (స) దాదాపు 138.6 హెర్ట్జ్. దాన్ని సున్నా సెంట్లుగా (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) పెట్టి చూస్తే తోడి రాగంలో గాంధారం (గ) ఊగడం స్పష్టంగా కనిపించింది, భలే ముచ్చటేసింది! తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనంలో మాత్రం ఇంకా పిచ్చిగీతలే. అక్కడ పాటే లేదుగా, టెన్షన్ పడను.