యాంగిల్ ఫైండర్‌తో కొలిచి కోసినా మూలల్లో సందు వస్తోంది. ఎవరైనా చెప్పండి

టేకుపట్టీ:
పొద్దున్నుంచీ దీని మీదే ఉన్నాను, తల పగిలిపోతోంది. హాల్లో గోడల అడుగున టేకు స్కర్టింగ్ వేస్తున్నాను. గోడ మూల ఎన్ని డిగ్రీలుందో చూపించే డిజిటల్ యాంగిల్ ఫైండర్ కొత్తగా కొన్నాను. అది చూపించిన డిగ్రీల్లో సగం, కోణం తిప్పుకునే కరెంటు రంపం మీద పెట్టి కోశాను. ఒక మూల అతికించినట్టు కుదిరింది. పక్క మూలలో ముందువైపు రూపాయి బిళ్ళ దూరేంత సందు! పడగ్గదికి ఏ ఫైండరూ లేకుండా అన్నీ 45కే కోశాను, అదే నయం. రెండు పట్టీలు పాడయ్యాయి. పాడైంది ఫైండరా, రంపమా?

బ్లేడుమాట:
ముందు జీరో చేశారా? అందరూ మరిచిపోయేది అదే. ఫైండర్‌ని రంపం బల్ల మీద పెట్టి జీరో నొక్కాలి. తర్వాత ప్లగ్ తీసేసి బ్లేడుకి అంటించాలి, పళ్ళకి తగలకుండా, చదునుగా ఉన్న చోట. బల్ల కొంచెం వాలుగా ఉన్నా ఫర్వాలేదు, బ్లేడు బల్లకి ఎంత వంగిందో అదే చూపిస్తుంది. జీరో చేయకుండా కోస్తే మాత్రం ప్రతి కోతా తప్పే.

టేకుపట్టీ:
అంటించడం ఏమిటండీ? నాది రెండు స్టీలు స్కేళ్ళు కీలుతో కలిపినట్టు ఉంటుంది. కీలు దగ్గర డిస్‌ప్లే.

బ్లేడుమాట:
ఆ ముక్క ముందే చెప్పాల్సింది. నేను చెప్పింది అయస్కాంతం ఉన్న డబ్బా గురించి. అది నేలకి ఎంత వాలిందో మాత్రమే చెబుతుంది, గోడ మూల కొలవడానికి పనికిరాదు. అయినా సరే, అదీ ఒకటి కొనుక్కోండి. బ్లేడు నిలువు చూసుకోకుండా కోత మొదలుపెట్టకూడదు.

పాత చిత్రిక:
బాబూ, బ్యాటరీ పరికరాలు వద్దనను గానీ, L ఆకారంలో ఉండే మూలమట్టం ఆనిస్తే గోడ సంగతి తెలిసిపోతుంది. అదీ లేకపోతే ఒక గోడ మీద 3 అడుగులకి, రెండో గోడ మీద 4 అడుగులకి గుర్తు పెట్టి మధ్య దూరం కొలవండి. 5 అడుగులు వస్తే మూల సరిగ్గా ఉన్నట్టు. ఎక్కువ వస్తే మూల విచ్చుకుంది. ఇంకో మాట. లోపలి మూలకి రెండు పట్టీలూ ఏటవాలుగా కోయడం ఎందుకు? ఒకదాన్ని గోడ దాకా పోనిచ్చి, రెండోదాన్ని దాని అంచు ఆకారానికి తగ్గట్టు కోసి ఆనించండి. ఎండాకాలం కర్ర కుంచించుకుపోయినా సందు అంతగా కనబడదు.

ఓరుగల్లు వడ్రంగం:
మూలమట్టం కాదు పెద్దాయనా, గునియా అంటరు.

పాత చిత్రిక:
మా వైపు మూలమట్టమే. మా నాన్నగారు వాడిన చెక్కది ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

నాలుగు ముక్కలు:
మూలల అంకెలు పెట్టండి.

టేకుపట్టీ:
90, 92, 87.5, 90.5.

నాలుగు ముక్కలు:
కలిపితే 360. ఫైండర్ బాగానే ఉంది. 92కి 46 కాదు, 44.

టేకుపట్టీ:
92లో సగం 46 కదా సార్?

కోతలెక్క:
నేను చెబుతాను. సగం చేయడం వరకు మీరు చేసింది సరైనదే. కానీ రంపం స్కేలు మీద సున్నా అంటే పట్టీని అడ్డంగా, నిటారుగా కోసే కోత. అంటే పట్టీ అంచుకి 90 డిగ్రీలు. రంపాన్ని 46కి తిప్పితే పట్టీ కొనలో మిగిలేది 44. రెండు ముక్కలు కలిపితే 88. మీ గోడ 92. ఆ తేడా 4 డిగ్రీలే మీకు ముందువైపు సందుగా కనబడుతోంది. 45కి కోసి ఉంటే తేడా 2 డిగ్రీలే. పడగ్గది నయమనిపించింది అందుకే. 90 మూలకి సగమూ 45, 90లోంచి తీసేసినా 45, కాబట్టి ఆ ఒక్కచోట పొరపాటు బయటపడలేదు.

సగం చేసి, దాన్ని 90లోంచి తీసేయండి. 87.5కి 46.25 వస్తుంది. కొన్ని ఫైండర్లలో ఈ లెక్క చేసిపెట్టే బటన్ కూడా ఉంటుంది. మంచి టేకు ముట్టుకోకముందు తుక్కు చెక్క రెండు ముక్కలు కోసి మూలలో ఆనించి చూడండి. కొలిచేటప్పుడు పట్టీ ఎంత ఎత్తులో కూర్చుంటుందో అక్కడే ఫైండర్ పెట్టాలి. ప్లాస్టరింగ్ మూలలో ఉబ్బుగా ఉంటుంది, పొట్టి స్కేళ్ళు దాన్నే కొలిచి మోసం చేస్తాయి.

బ్లేడుమాట:
ఇంతకీ బ్లేడు నిలువుగా ఉందో లేదో చూశారా?

ఓరుగల్లు వడ్రంగం:
మూలమట్టం అంటే మేస్త్రీలు గోడకి పెట్టేది. మన కర్రపనిల గునియానే.

టేకుపట్టీ:
44కి తుక్కు ముక్కలు కోశాను, కూర్చుంది. థాంక్సండీ. మిగతావి రేపు.

పాత చిత్రిక:
మేస్త్రీది వేరు, పెద్దగా ఉంటుంది. రెంటికీ పేరు అదే.