అప్‌డేట్: ఆర్కే బీచ్ - భీమిలి సైకిల్ మ్యాప్ పనిచేస్తోంది!

పోయిన నెల ఇక్కడ ఒక ప్రశ్న అడిగాను. విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సైకిల్ దారిని చేత్తో బొమ్మలా గీసి, దాన్ని ఫోన్‌లో నొక్కి చూసుకునే మ్యాప్‌గా ఎలా చేయాలని. సమాధానాలిచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.

ముందు చేసిన తప్పు చెప్తాను. నా గుర్తులన్నీ విశాఖలో కాకుండా ఉత్తర ధ్రువం దగ్గర సముద్రంలో కనిపించేవి. రెండు రోజులు టెన్షన్ పడ్డాను. కారణం చిన్నదే: జియోజేసన్ ఫైల్లో (మ్యాప్ మీద చోట్ల వివరాలు రాసుకునే ఫైల్) రేఖాంశం ముందు రాయాలి (83.3, 17.7), లీఫ్‌లెట్‌లో (వెబ్ పేజీలో మ్యాప్ చూపించే కోడ్ లైబ్రరీ) మార్కర్, అంటే గుర్తు, పెట్టేటప్పుడు అక్షాంశం ముందు. నేను తారుమారు చేశాను.

బొమ్మ విషయంలో మీ సలహానే పాటించాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్) ప్రింట్ తీసి, దాని మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి గీశాను. ఊహతో గీసిన మొదటి బొమ్మలో రుషికొండ కైలాసగిరికి అతుక్కుపోయింది, రోడ్డు గీతకీ బొమ్మకీ పొంతనే లేదు. ఇప్పుడు స్కాన్ చేసి, రెండు ఎదురు మూలల అక్షాంశ రేఖాంశాలు ఇస్తే మ్యాప్ మీద చక్కగా కూర్చుంది.

కురుసుర సబ్‌మెరైన్ బొమ్మ నొక్కితే అది 2002లో మ్యూజియం అయిందని వస్తుంది. తొట్లకొండ దగ్గర బౌద్ధ స్తూపం, భీమిలిలో డచ్చి వాళ్ల సమాధులు కూడా గీశాను. అడుగున ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు తప్పక వేయండి, అది లైసెన్స్ షరతు.

ఇక మిగిలింది, దారిలో మంచినీళ్లు దొరికే చోట్లు. వచ్చే ఆదివారం సైకిల్ మీద వెళ్లి ఒక్కొక్కటీ గుర్తు పెట్టుకొస్తాను.