చెమ్మ పట్టిన చెక్క నేల: బాగుచేయించాలా, మొత్తం మార్చాలా?

పాతగడప: మేం కొన్న పాత ఇంట్లో హాలు నేలంతా చెక్కే. గోడ వైపు మూడు పలకలు అడుగు వేస్తే దిగుతున్నాయి, గది తెరవగానే ముక్క వాసన. మేస్త్రీ అంతా పీకేసి కాంక్రీట్ పోద్దామంటున్నాడు. పలకలు మంచి గట్టి కర్ర, పారేయడానికి మనసొప్పట్లేదు. ఏం చేయమంటారు?

చెక్కపని: ముందు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చండి. అది తేలకుండా పలకలు మారిస్తే డబ్బు దండగ. రెండు పలకలు లేపి, కింది దూలాలను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. గోడలోకి దిగిన కొసలే సాధారణంగా ముందు పుచ్చుతాయి.

కిటికీపక్క: మా ఇంట్లో తప్పు బయట ఉందండీ. మొక్కల కోసం గోడ వారగా మట్టి ఎత్తు చేశాం. నేల కిందికి గాలి వెళ్ళే రంధ్రాలు మూసుకుపోయి దూలాల కొసలు పోయాయి.

పాతగడప: అయ్యో, మాకూ బయట సిమెంటు చప్టా ఉంది. ఇప్పుడే వెళ్ళి చూశా, ఒక రంధ్రం సగం దానిలో మునిగింది! దూలం మొత్తం మార్చాలా?

చెక్కపని: అక్కర్లేదు. పుచ్చు దాటి మంచి కర్రలోకి ఓ అడుగు వరకు కోసేసి, మందు పట్టించిన కొత్త కర్రను పాతదాని పక్కన ఆనించి బోల్టులు బిగిస్తారు. గోడలోకి వెళ్ళే కొసకు చెమ్మ ఎక్కని షీటు చుట్టించండి. కర్రలో తేమ 20 శాతం దాటి అలాగే ఉంటే ఫంగస్ పడుతుంది, కాబట్టి మాయిశ్చర్ మీటర్ దగ్గర ఉంచుకోండి. కర్ర చిన్న చదరాలుగా పగిలి, గోడ మీదికి తెల్లటి దారాలు పాకి ఉంటే మాత్రం అది డ్రై రాట్ అనే, కర్రను తినేసే ఫంగస్ కావచ్చు. ఇటుకల సందుల్లోంచి కూడా పాకుతుంది. ఆలస్యం చేయకుండా తెలిసినవాళ్ళకు చూపించండి.

నీలితలుపు: నేను తొందరపడి పాడు చేసుకున్నా. పైపు లీకై పలకల అంచులు పైకి లేచి దోనెల్లా వంగాయి. వెంటనే సాండింగ్ (పైపొర అరగదీయడం) చేయించా. ఆరాక నడుములు ఉబ్బి, అంచులు పల్చగా మిగిలాయి. పూర్తిగా ఆరేదాకా ఆగి ఉంటే చాలావరకు వాటంతటవే సర్దుకునేవి. దయచేసి మీరు ఆగండి.

కిటికీపక్క: ఒక్క గదిలో కాంక్రీట్ పోస్తే పక్క గదుల కిందికి గాలి దారి మూసుకుపోవచ్చు. అదీ అడగండి.

పాతగడప: శనివారం నేల తెరిచాం. రెండు దూలాల కొసలే పుచ్చాయి, తెల్ల దారాలు లేవు. పెద్ద టెన్షన్ తీరింది. చప్టా కొట్టించి రంధ్రం తెరిచాం. పలకల వెనక నంబర్లు రాసి, మధ్యలో కర్రముక్కలు పెట్టి పేర్చాం. మీటర్ మొదటి రోజు 26 చూపించింది, ఇవాళ 22.

చెక్కపని: ఇంకా దిగనివ్వండి. తిరిగి పరిచేటప్పుడు గోడ వారగా 10 మిల్లీమీటర్ల సందు వదలడం మర్చిపోకండి.